గచ్చు మీద గీతలు

విజయకుమారి దుప్పటిని రెండు చేతులతో పట్టుకుని కిటికీకి ఎదురుగా ఎత్తింది. దుప్పట్లోంచి కిటికీ చువ్వలు కనిపించాయి. చువ్వల అవతల గేటు, గేటు పక్కన భర్త స్కూటరు, స్కూటరు సీటు మీద ముడుచుకుని పడుకున్న పిల్లి కూడా కనిపించాయి.

“ఇందులోంచి పిల్లి కనిపిస్తోందండీ,” అంది.

పిచ్చేశ్వరరావు సోఫాలో కూర్చుని కాళ్ళు టీపాయ్ మీద పెట్టుకున్నాడు. “దుప్పటి కప్పుకోడానికే. అందులోంచి పిల్లుల్ని చూడమని ఎవరన్నారు?” అన్నాడు.

హాలు నిండా అట్టపెట్టెలే. ప్రతి దుప్పటి మూలా ఎర్ర అక్షరాలతో ‘కాలనీ సంక్షేమ మండలి, శీతాకాల సేవలు’ అని, దాని కింద అంతకంటే పెద్ద అక్షరాలతో ‘అధ్యక్షులు పిచ్చేశ్వరరావు’ అని అచ్చు వేయించారు. రంగు మాత్రం దట్టంగా వేశారు. దుప్పటి మొత్తానికి కాస్త మందంగా ఉన్న చోటు అదొక్కటే. విజయకుమారి దాన్ని మళ్ళీ మడతల వెంట మడిచి పెట్టెలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది. పెసరపునుకులకి పిండి రుబ్బి ఉంది. సాయంత్రం మండలి సమావేశం వాళ్ళింట్లోనే.

బందరు ఊరి చివర హార్బరుకి వెళ్ళే దారిలో ఉంది ఆ కాలనీ. మొవ్వ వైపు నుంచీ, గుడ్లవల్లేరు వైపు నుంచీ పొలాలు కౌలుకిచ్చి వచ్చి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళే ఎక్కువ. కాలనీ వెనక కాలవకట్ట, కట్ట దిగితే పల్లెపాలెం. కట్టకి ఇవతల, వీళ్ళ ఇల్లున్న చివరి వీధి ఎదురుగా, విశాలమైన సిమెంటు గచ్చు ఒకటుంది. ఎప్పటిదో తుఫాను తర్వాత పాలెం ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకోడానికని ఎవరో దాతలు కట్టించారు. ఆ స్థలం మాత్రం లేఅవుటు పటంలో పార్కు అని ఉంది. పార్కు ఎవరూ వెయ్యలేదు. చేపలు ఎండుతూనే ఉన్నాయి.

పునుకులు రెండో వాయి నూనెలో ఉండగానే శ్యాంబాబు, దుర్గాశ్రీనివాస్ వచ్చారు. శ్యాంబాబు మండలి కార్యదర్శి. ఊళ్ళో రోల్డుగోల్డు నగల కొట్టుంది. దుర్గాశ్రీనివాస్ సైట్ల వ్యాపారం చేస్తాడు. చలికాలం వచ్చిందంటే షటిల్ బ్యాటు సంచి భుజాన లేకుండా కనిపించడు. పాలు పొయ్యించుకోడానికి వచ్చినా సంచితోనే వస్తాడు.

“వేసంకాలం ఉక్క, వానాకాలం బురద. షటిల్ అంటే చలికాలమే కదక్కయ్యా,” అన్నాడు పునుకు నోట్లో వేసుకుని. వేడికి నాలుక మీద దాన్ని అటూ ఇటూ దొర్లించాడు. “అంత మంచి గచ్చు పెట్టుకుని మనం డబ్బు కట్టి వేరే కోర్టులకి వెళ్ళడమేంటి? దానికి చక్కగా గీతలు గీయించి, చుట్టూ జాలీ వేయించి, రెండు పెద్ద లైట్లు పెడితే, మన రేంజే వేరు.”

“వాళ్ళు ఎండబెట్టుకునేది కూడా ఈ చలికాలంలోనే కదా,” అంది విజయకుమారి.

“కట్టవతల బోల్డంత ఇసకుంది. ఎంత కావాలంటే అంత పరుచుకోవచ్చు.”

“పైగా పొద్దున్నే ఆ గోల!” అన్నాడు శ్యాంబాబు. “ఇక్కడి దాకా నాది, అక్కడి దాకా నీదని ఆడాళ్ళు జుట్లు పట్టుకుంటారు. మావిడ సుప్రభాతం పెట్టుకుంటే ఒక్క ముక్క వినపడదు. అయితే ఒకటండీ. ఖాళీ చెయ్యమన్నామంటే గొడవయిద్ది. నాయకులొస్తారు. అదే వాళ్ళని ఆ గచ్చు మీదకే పిలిచి తలో దుప్పటీ కప్పామనుకోండి, ఫొటో తీశామనుకోండి, గచ్చు మనకిచ్చారు, మనం సత్కారం చేశాం అని రాసుకున్నామనుకోండి! దుప్పటి కప్పించుకున్న మనిషి ఇంకేం గొడవ చేస్తదండీ?”

పిచ్చేశ్వరరావు చేతిలోని పునుకు మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. అది తన బుర్రకి ఎందుకు తట్టలేదా అని ఆలోచిస్తున్నట్టు చూశాడు. తర్వాత, “నేనూ అదే అనుకుంటున్నా,” అన్నాడు.

శీతాకాల సేవల కాగితంలో అప్పటికే మూడున్నాయి. ఆదివారం ఆదివారం దోమలకి పొగ కొట్టించడం, పొద్దున్నే నడిచేవాళ్ళకి రాగిజావ, పేదలకి దుప్పట్లు. పొగ బండి పిచ్చేశ్వరరావు వీధిలో మొదలై శ్యాంబాబు వీధిలో అయిపోయేది. రాగిజావ, పొద్దున్నే నడిచి, తాగి, కారెక్కి ఇళ్ళకి వెళ్ళే వాళ్ళ కోసం. ఇప్పుడు నాలుగోది కోర్టు.

“విజయా, రేపు రాత్రికి వార్త రాసి ఉంచు. గచ్చు వాళ్ళంతట వాళ్ళే ఇచ్చినట్టు రావాలి. నీకు చెప్పేదేముందిలే,” అన్నాడు భర్త.

మండలి వార్తలు రాసేది ఆవిడే. రోజూ పొద్దున భర్త ఫోనులో టైపు చేసి, ఆయన పేరుతోనే కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేది. తర్వాత కారు షెడ్డులో ఉన్న మైకు ముందు కూర్చుని చదివేది. ఆ షెడ్డే మండలి ఆఫీసు. ఆయన ఎప్పుడూ చదివి చూసుకోలేదు. ‘నువ్వు రాశాక చూసేదేముంది’ అనేవాడు. మిగతావాళ్ళూ అంతే. వార్త పెట్టిన మరుక్షణం దండాల బొమ్మలు వరసగా పడేవి. ఒకసారి వేలు తగిలి ‘మండలి వార్తలు’ అన్న శీర్షిక ఒక్కటే వెళ్ళిపోయింది. దానికీ ‘చాలా మంచి నిర్ణయం’ అని ఒకాయన రాశాడు. ఆవిడ ఆ రోజంతా నవ్వుకుంది. వీళ్ళందరి మధ్యా వాక్యమంటే ఏంటో తెలిసింది తనొక్కదానికే అనుకోవడం ఆవిడకి అలవాటు.

వార్త రాయడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు. ‘పల్లెపాలెం సోదరీమణులు కాలనీ అభివృద్ధి కోసం తమ చేపల గచ్చును మండలికి అప్పగించారు. కృతజ్ఞతగా మండలి వారికి దుప్పట్లు బహూకరించింది.’ చదువుకుంది. వాక్యం పొడిగా ఉందనిపించింది. ‘అప్పగించారు’కి ముందు ‘స్వచ్ఛందంగా’ చేర్చింది. అయినా ఏదో వెలితి. కాసేపు ఆలోచించి ‘చిరునవ్వుతో’ అని కూడా చేర్చింది. అప్పుడు వాక్యం నిలబడింది. ఆ మాట ఆవిడని ఎవరూ రాయమనలేదు.

*

దుప్పట్లు పంచిన సాయంత్రం గచ్చు మీద ఒక్క చేప లేదు. మంచు మొదలవక ముందే అన్నీ బుట్టలకెత్తేశారు. మంచు పడితే నెత్తళ్ళు, ఆ వేలెడంత చేపలు, నల్లబడతాయి. ఆడవాళ్ళు గచ్చు ఊడ్చి, కొంగులు దులుపుకుని వరసగా నిలబడ్డారు. ముందు పోలమ్మ. ఆవిడ వెనకాల కోడలు సుమతి.

పోలమ్మని విజయకుమారి ఎన్నో ఏళ్ళుగా ఎరుగుదు. పెరటి గుమ్మం దగ్గర బుట్ట దించుకుని, నెత్తళ్ళు గుప్పెడు తీసి గలగలలాడించి చూపించి అమ్మేది. ఆ శబ్దం వస్తేనే సరిగ్గా ఎండినట్టు. పిచ్చేశ్వరరావుకి ముద్దపప్పులోకి ఆ వేపుడు లేకపోతే ముద్ద దిగదు. గ్రూపులో మాత్రం ‘చేపల కంపు నుంచి కాలనీకి విముక్తి’ అని రాయించుకుంటాడు.

“దగ్గరికి రండి, దగ్గరికి. నవ్వాలమ్మా, నవ్వండి,” అన్నాడు ఫొటోగ్రాఫరు.

దుప్పటి ఇస్తామంటే నవ్వరా! నవ్వారు. పోలమ్మ దుప్పటి అందుకుని అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. ఎండిందో లేదో తెలుసుకోడానికి చేపని అలాగే నలుపుతుంది. నలిపి, పిచ్చేశ్వరరావు మొహంలోకి ఒకసారి చూసి, చంకలో పెట్టుకుంది.

“పాపం, ఎంత సంతోషమో చూడండి,” అంది శ్యాంబాబు భార్య విజయకుమారి చెవిలో. “ఇంతింత చిన్న వాటికే వీళ్ళు అలా అయిపోతారు.”

మర్నాడు పొద్దున విజయకుమారి మైకులో వార్త చదివింది. స్వచ్ఛందంగా, చిరునవ్వుతో. స్పీకర్లు నాలుగు వైపులా ఉన్నాయి. ఒకటి కట్ట వైపు తిరిగి ఉంటుంది. ఆవిడ ఇంకా షెడ్డులోంచి బయటికి రాకముందే పెయింటరు డబ్బాలు దించుతున్నాడు. మధ్యాహ్నానికల్లా గచ్చు మీద తెల్లగీతలు పడ్డాయి. సాయంత్రానికి గొట్టాలు పాతి ఇనపజాలీ చుట్టి, రెండు పెద్ద లైట్లు బిగించారు. చిన్న తలుపు పెట్టి తాళం వేశారు. దుర్గాశ్రీనివాస్ తాళంచెవి తెచ్చి, “అక్కయ్యా, ఆదివారం ఓపెనింగ్ దాకా మీ దగ్గరుంచండి. కార్పొరేటర్ గారి చేత తీయిద్దాం,” అన్నాడు. ఆవిడ దాన్ని వంటింట్లో ఫ్రిజ్జు పక్కన మేకుకి తగిలించింది. ఆ మేకుకి అంతకుముందు జల్లెడ ఉండేది.

*

శనివారం పెరటి గుమ్మం దగ్గర బుట్ట దింపిన చప్పుడైంది. విజయకుమారి చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. పోలమ్మ బుట్ట మీద గుడ్డ తియ్యలేదు. మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది.

“ఏం పోలమ్మా, నెత్తళ్ళున్నాయా?”

“ఉన్నాయి. మీకివ్వను.”

“ఏం?”

పోలమ్మ గుడ్డ తీసి గుప్పెడు నెత్తళ్ళు అరచేతిలో పోసుకుని రెండో చేత్తో రుద్దింది. గలగలలాడాయి. కానీ మెట్టు మీద సన్నగా ఇసక రాలింది. “ఇది మడిసి తినేది కాదమ్మా. కోళ్ళ మేతకి పోద్ది. షావుకారు చెయ్యి పెట్టి చూసి, ఇసక తగిలిందంటే చాలు, మేత బస్తాలో పొయ్యమంటాడు. మేత రేటే కడతాడు. మా సుమతి ఏడ్చింది నిన్న. పొద్దున్నించీ ఏరి, కడిగి, ఉప్పేసి, తిరగేసి, ఇంతా చేసి కోళ్ళకా అని.”

“టార్పాలిన్లు పరుచుకోలేకపోయారా?”

“పరిచాం. కింద ఇసక తడి. మంచుకి పట్ట కింద నీళ్ళు చేరతన్నాయి. పైన ఎండుద్ది, కింద కుళ్ళుద్ది.” చేతులు దులుపుకుంది. “మీరిచ్చిన దుప్పటీ చూశాను. కప్పుకుంటే చలాగదు. కింద పరిస్తే చేప అంటుకుపోద్ది. దేనికి పనికొచ్చిద్దో ఇంకా తెలవలేదు. చూడాల.”

విజయకుమారికి నవ్వొచ్చింది. నవ్వితే ఇద్దరూ ఒకవైపు ఉన్నట్టు ఉంటుందనిపించి కాస్త పైకే నవ్వింది. “వీళ్ళ సంగతి నీకు తెలుసుగా పోలమ్మా. ఒక్కడికీ బుర్ర లేదు,” అంది గొంతు తగ్గించి.

పోలమ్మ నవ్వలేదు.

“మైకులో గొంతు మీదే కదమ్మా?”

విజయకుమారి తడి లేని చేతుల్నే మళ్ళీ కొంగుకి తుడుచుకుంది.

“నాకు తెలుసులే. రోజూ ఇంటన్నాగా. చిరునవ్వుతో ఇచ్చామంట. నేనెప్పుడమ్మా చిరునవ్వుతో ఇచ్చింది? దుప్పటిస్తామంటే వచ్చాను. నవ్వమంటే నవ్వాను. గచ్చు మాట ఎవురన్నా నా ముందు అన్నారా?” ఆవిడ గొంతులో కోపం లేదు. సంతలో తూకం చూసేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడుతోంది. “ఆ బాబులకి బుర్ర లేదంటన్నారు. అవును, వాళ్ళకా మాట తట్టదు. చిరునవ్వంట! అది ఏరుకుని పెట్టిందే. బుర్రున్నోళ్ళే పెట్టారు.”

విజయకుమారి చూపు మెట్టు మీది ఇసక వైపు పోయింది. “నాకు ఇందులోదే ఇవ్వు,” అంది.

“ఇసకమ్మా!”

“ఫర్వాలేదు. ఇవ్వు.”

పోలమ్మ ఆవిడ మొహంలోకి అనుమానంగా చూసి, గిన్నెలో పోసి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. రోజూలా కొసరు వెయ్యలేదు.

విజయకుమారి ఆ నెత్తళ్ళ తలలు తుంచింది. ఒకటికి రెండుసార్లు కడిగే మనిషి ఒక్కసారే కడిగింది. పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి ఎర్రగా వేయించింది. ముద్దపప్పులో నెయ్యి వేసి పెట్టింది. పిచ్చేశ్వరరావు మొదటి ముద్ద పెట్టుకుని, రేపటి ఓపెనింగ్‌కి కార్పొరేటరు ఒప్పుకున్నాడని చెబుతూ నమిలాడు. నోట్లో కరకరమంది. నమలడం ఆగిపోయింది. దవడ అలాగే పక్కకి పెట్టి భార్య వైపు చూశాడు.

“ఏంటే ఇది? ఇసక!”

“మన శీతాకాల సేవేనండీ,” అంది ఆవిడ మజ్జిగ గిన్నె దగ్గరికి జరుపుతూ.

ఆయనకి అర్థం కాలేదు. నోరు పుక్కిలించి వచ్చి, “రేపట్నించి వేరేవాళ్ళ దగ్గర కొను. ఈ పాలెం వాళ్ళకి బొత్తిగా శుభ్రం లేదు,” అన్నాడు.

*

ఆదివారం తెల్లవారేసరికి మంచు ఇంకా విడలేదు. మేడ మీద ఆరేసి మరిచిపోయిన పంచె తీయడానికి వెళ్ళిన విజయకుమారికి కట్ట మీద బుట్టలు కనిపించాయి. ఒకటి వెనక ఒకటి, వస్తూనే ఉన్నాయి. పడవలన్నీ నిండుగా తిరిగొచ్చినట్టున్నాయి. అంత నెత్తడు పడే రోజు చలికాలం మొత్తానికి ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఎండ రాగానే పరిచెయ్యాలి. మధ్యాహ్నం దాకా బుట్టల్లో ఉంటే చేపల కడుపులు పగిలిపోతాయి. అప్పుడు కోళ్ళ మేతకి కూడా తీసుకోరు.

ఆడవాళ్ళు గచ్చు దగ్గరికి వచ్చి జాలీ ముందు ఆగారు. ఎవరూ అరవడం లేదు. రోజూ హద్దుల కోసం అరుచుకునే వాళ్ళు ఒకరి పక్కన ఒకరు నిలబడి లోపలి తెల్లగీతలు చూస్తున్నారు. సుమతి జాలీ కన్నాల్లో వేళ్ళు పెట్టి పట్టుకుంది. పోలమ్మ బుట్ట దించి దాని మీద దుప్పటి కప్పింది. భర్త పేరు మీద కూర్చున్న ఈగలు మేడ మీదికి కూడా కనిపిస్తున్నాయనిపించింది విజయకుమారికి.

పిచ్చేశ్వరరావు పళ్ళు తోముకుంటూ గుమ్మంలోకి వచ్చి చూశాడు. నోట్లో నురగతోనే అరిచాడు. “ఇవాళే తగలడ్డారా వీళ్ళు! సాయంత్రం కార్పొరేటరు వచ్చేసరికి ఇక్కడ కంపు కొడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?” ఉమ్మేసి వచ్చి ఫోను భార్య చేతిలో పెట్టాడు. “రాయి. కోర్టు పరిసరాల్లో చేపలు దించితే పోలీసులకి ఫిర్యాదు చేస్తాం. మండలి స్థలంలోకి ఎవరూ రాకూడదు. గట్టిగా రాయి. మైకులో కూడా కట్ట వైపు సౌండు పెంచి చదువు. గీజరు వేశావా?”

“వేశాను.”

ఆయన స్నానానికి వెళ్ళాడు. ఆదివారం తలంటు పోసుకుంటాడు. తొందరగా రాడు.

విజయకుమారి వంటింటి బల్ల దగ్గర కూర్చుని టైపు చేసింది. ‘హెచ్చరిక’ అని మొదలుపెట్టింది. వాక్యం చకచకా వచ్చింది. గట్టిగానే వచ్చింది. చదువుకుంది. బాగుంది. తన వాక్యాలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఆ బాగుండటం చూసి ఆవిడకి నోట్లో ఇసక ఉన్నట్టు అనిపించింది. మొత్తం చెరిపేసింది.

పొయ్యి మీద ఇడ్లీ గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది. మంట తగ్గించింది. మేకుకున్న తాళంచెవి తీసి చేత్తో పట్టుకుంది. వెళ్ళి తానే తాళం తీసేస్తే? సాయంత్రానికల్లా కొత్త తాళం పడుతుంది. శ్యాంబాబు పోలీసుల్ని పిలుస్తాడు. ‘మా ఆవిడకి కాస్త నలతగా ఉందండీ’ అని పిచ్చేశ్వరరావు అందరికీ చెబుతాడు. తాళంచెవి బల్ల మీద పెట్టేసింది. మళ్ళీ ఫోను తీసుకుంది.

ఈసారి నిదానంగా రాసింది. ప్రతి మాటా ఆయన పళ్ళెంలో వడ్డించినట్టు రాసింది.

‘శీతాకాల సేవల్లో మండలి మరో ముందడుగు. చేపల గచ్చును గీతలతో, దీపాలతో అందంగా తీర్చిదిద్దిన అధ్యక్షులు పిచ్చేశ్వరరావు గారు, పగలంతా ఆ గచ్చు ఎప్పటిలాగే పల్లెపాలెం సోదరీమణులకే చెందాలని నిర్ణయించారు. పొద్దు వాలాక, వారు చేపలు ఎత్తి గచ్చు కడిగాక, దీపాల వెలుగులో ఆట. కష్టజీవుల పొట్ట కొట్టి ఆడే ఆట మనకొద్దని వారి అభిప్రాయం. ఈ ఉదయమే అధ్యక్షులవారు స్వయంగా తాళం తీసి గచ్చును అప్పగిస్తారు, చిరునవ్వుతో.’

కాలనీ గ్రూపులో పెట్టింది. కార్పొరేటరుకి విడిగా పంపింది. ఎప్పుడూ వార్తలు వేసే విలేకరికీ పంపింది. అక్కడితో ఆగకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా కారు షెడ్డులోకి వెళ్ళి, కట్ట వైపు స్పీకరు సౌండు పెంచి చదివింది. ‘పల్లెపాలెం సోదరీమణులకే’ అన్న ముక్క రెండుసార్లు చదివింది. అంతా అయ్యాక మళ్ళీ మొదటినుంచి చదివింది. బాత్రూములో గీజరు చప్పుడూ, నీళ్ళ చప్పుడూ, ఆయన పాటా. ఇవి కాక ఇంకేమీ ఆయనకి వినిపించవని ఆవిడకి తెలుసు. వినిపించినా మైకులో తన గొంతు ఏమంటోందో ఆయన ఏనాడూ పట్టించుకోలేదు.

ఆవిడ వంటింట్లోకి తిరిగొచ్చేసరికి దండాల బొమ్మలు వరసగా పడి ఉన్నాయి. ‘చాలా మంచి నిర్ణయం.’ ‘మా అధ్యక్షులు మాకు గర్వకారణం.’ శ్యాంబాబు కూడా దండం పెట్టేశాడు. దుర్గాశ్రీనివాస్ రెండు దండాలు, ఒక షటిల్ బ్యాటు బొమ్మ పెట్టాడు. వాటి కింద కార్పొరేటరు రాసింది మాత్రం చదివి రాసినట్టే ఉంది. ‘పేదలకు, ఆటగాళ్ళకు ఇద్దరికీ మేలు చేసే ఇలాంటి ఆలోచన డివిజనుకే ఆదర్శం. అభినందనలు అన్నగారూ. ఫొటో పంపండి.’

పిచ్చేశ్వరరావు తలకి తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. విలేకరి. “అంతా మన ధర్మం అండీ,” అన్నాడు ఆయన. “నాదేముంది, మండలి నిర్ణయం. సరే, నా పేరు రాస్తానంటే నేను కాదనను. ఆ, వచ్చెయ్యండి.” తర్వాత ఇంకెవరో. “మీ అభిమానం అండీ,” అన్నాడు. భార్య వైపు కళ్ళెగరేసి, ‘చూశావా నీ మొగుడు’ అన్నట్టు నవ్వాడు. మూడో ఫోను శ్యాంబాబుది. ఆయన అవతల ఏం అరిచాడో గానీ, పిచ్చేశ్వరరావు మొహం మీది నవ్వు అక్కడికక్కడే గడ్డకట్టింది.

“ఏం నిర్ణయం?” అన్నాడు. “ఎవరికి ఇవ్వడం?”

ఫోను కిందికి దించి, కళ్ళజోడు కోసం వెతుక్కుని, సోఫా అంచున కూర్చుని చదివాడు. పెదవులు కదుపుతూ చదివాడు. ఇన్నేళ్ళలో ఆవిడ రాసింది ఆయన చదవడం అదే మొదటిసారి. విజయకుమారి ఇడ్లీలు తీస్తూ చూస్తోంది. చివరి మాట దాకా వచ్చాక మళ్ళీ పైకి వెళ్ళి మొదటినుంచి చదివాడు.

“నీకు పిచ్చెక్కిందా?” అన్నాడు.

“తప్పులేమన్నా ఉన్నాయా?”

“ఇది నేను చెప్పానా?”

“చెప్పలేదని రాయమంటారా? రాస్తాను,” అంది ఇడ్లీల పళ్ళెం బల్ల మీద పెడుతూ. “కార్పొరేటరు గారి అభినందనల కింద రాయాలి. ‘పేదలకి మేలు చెయ్యాలన్నది నా ఆలోచన కాదు’ అని. మీరు చెప్పండి, నేను వాక్యం సరిచేస్తాను.”

ఆయన కళ్ళు ఆ ‘డివిజనుకే ఆదర్శం’ అన్న చోటికే మళ్ళీ మళ్ళీ పోతున్నాయి. ఆ మాట వదులుకోలేకపోతున్నాడు. ఆయన సంగతి ఆవిడకి తెలుసు. ఆయన్ని తిడితే ఎదురు తిరుగుతాడు, బతిమాలితే బిగుసుకుంటాడు. పొగిడితే మాత్రం ఎటు తోస్తే అటు వెళతాడు. ఈ విషయం ఇన్నేళ్ళూ కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడు తప్పించుకోడానికి తప్ప వాడుకోలేదే అని ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది.

ఫోను మళ్ళీ మోగింది. దుర్గాశ్రీనివాస్. పిచ్చేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. “చూడు శ్రీనివాస్, అన్నీ నీకు చెప్పే చెయ్యాలా? సాయంత్రం ఆట ఎటూ ఉందిగా. కంపా? కడుగుతారయ్యా, రాశాంగా. ఇలాంటివి కొంచెం పై స్థాయిలో ఆలోచించాలి.” పెట్టేసి, భార్య మొహం చూడకుండా, “ఇస్త్రీ చొక్కా తియ్యి,” అన్నాడు. “తెల్లది.”

*

మంచు విడిపోతోంది. గచ్చు మీద తడి ఆరుతూ అక్కడక్కడ తెల్లబడుతోంది. పిచ్చేశ్వరరావు తెల్లచొక్కాలో జాలీ తలుపు దగ్గర నిలబడ్డాడు. విలేకరి ఫోను పైకెత్తి, “కొంచెం నవ్వాలి సార్. ఇంకొంచెం,” అన్నాడు. ఆయన నవ్వాడు. తాళం చాలా సేపు తీశాడు. ఫొటో సరిగ్గా రాలేదంటే మళ్ళీ వేసి మళ్ళీ తీశాడు. పోలమ్మ పక్కన నిలబడి ఓపిగ్గా చూసింది. ఈసారి ఆవిడ్ని నవ్వమని ఎవరూ అడగలేదు. ఆవిడా నవ్వలేదు.

ఫొటో అయిపోగానే పిచ్చేశ్వరరావు తాళమూ చెవీ వెనకే వచ్చిన భార్య చేతిలో పడేసి, విలేకరితో మాట్లాడుకుంటూ రాగిజావ గిన్నెల వైపు నడిచాడు. ఆడవాళ్ళు బుట్టలు లోపలికి తెచ్చి కుమ్మరించడం మొదలుపెట్టారు. గచ్చు మీద వెండి మెరుపులు పాకుతున్నాయి. చీపుళ్ళతో పల్చగా పరుస్తున్నారు.

సుమతి ఒక గీత దగ్గర ఆగింది. “అత్తా, ఇక్కడి దాకా మనదా?”

“అదుగో ఆ గీత దాకా,” అంది పోలమ్మ. నడుము మీద చెయ్యి వేసుకుని గచ్చంతా ఒకసారి చూసింది. తర్వాత విజయకుమారి వైపు తిరిగింది. “గీతలు మాత్రం బాగేశారమ్మా. ఇంతకాలం ఇటిక ముక్కలు పెట్టుకుని కొట్టుకు చచ్చాం. ఇప్పుడు ఎవురి గడి వాళ్ళది. మజ్జలో ఈ పొడుగు గీత నడవడానికి పనికొచ్చిద్ది.”

విజయకుమారి నవ్వబోయి ఆగింది.

“గొంతు మీదే,” అంది పోలమ్మ. “మాట మారింది. రేపు మళ్ళా మారుద్దా?”

విజయకుమారి దానికి సమాధానం వెతికింది. వాక్యాలు రెండు మూడు వచ్చాయి. అన్నీ బాగానే ఉన్నాయి. వేటినీ పైకి అనలేదు. చేతిలో తాళం బరువుగా, చల్లగా ఉంది. చెవితో సహా దాన్ని పోలమ్మకి అందించింది.

పోలమ్మ దాన్ని అరచేతిలో ఎగరేసి తూకం చూసింది. అప్పటికే కట్ట మీది తీగల మీద కాకులు చేరుతున్నాయి. ఆవిడ సుమతి చేత దుప్పటి తెప్పించి, తడి నెత్తళ్ళకి తగలకుండా నాలుగు ఖాళీ బుట్టల అంచుల మీదుగా గట్టిగా లాగి పందిరిలా కప్పింది. ఎండ దుప్పట్లోంచి నేరుగా దిగి కిందున్న చేపల మీద పడింది. పోలమ్మ వంగి చూసి, మొదటిసారి సంతృప్తిగా తల ఊపింది.

“ఎండ దిగుద్ది, కాకి దిగదు,” అంది. “దేనికి పనికొచ్చిద్దో ఇప్పుడు తెలిసింది.”

గాలికి ఒక మూల లేస్తోంది. అధ్యక్షుల పేరున్న మూల. పోలమ్మ దాన్ని బుట్ట అంచు మీదికి నొక్కి, పైన తాళం పెట్టింది.